మూడో పాటలో కీచు

శాక్సోఫోన్‌కు ప్రాణమంతా రీడ్‌లో ఉంటుంది. అది నోటి దగ్గర బిగించే పల్చటి రెల్లు బద్ద. నా మొదటి జాజ్ ఆల్బమ్‌లో, మూడో పాట మధ్యలో అది చీలి, కుక్కపిల్ల తోక తొక్కినట్టు కీచుమంది. స్టూడియో ఖాళీ చెయ్యాల్సిన వేళయి అలాగే వదిలేశాం. పత్రికలవాళ్లు దాన్ని గుండెకోత అన్నారు. వాళ్ల తలకాయ! ఆ తర్వాత ఎన్ని ఆల్బమ్‌లు చేసినా, ఏ ఊళ్లో వాయించినా, జనం చెవులు రిక్కించేది ఆ కీచు కోసమే.

ఇప్పుడు ఆ పాటనే కొత్తగా రికార్డు చేస్తున్నాం. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు మా బావమరిదే.

"అంతా బాగుంది బావా, ఆ కీచే కుదరట్లేదు. కావాలని చేసినట్టుంది."

కావాలనే కదా చేస్తున్నాను! రీడ్‌ను కొరికాను, బ్లేడుతో గీశాను. మధ్యాహ్నానికి పెదవి వాచింది, ఓపిక అడుగంటింది.

"ఇక నా వల్ల కాదురా," అనేసి, ఇంతవరకూ ఎవరికీ వినిపించని నా కొత్త పాట ఒకటి కళ్లు మూసుకుని నెమ్మదిగా అందుకున్నాను. వాడు రికార్డింగ్ ఆపలేదు. చివర్లో అలసిన పెదవి జారింది. అదే కీచు, అచ్చం అలాగే. ఇన్నేళ్లకు మళ్లీ!

కళ్లు తెరిచేసరికి బావమరిది నవ్వుతున్నాడు.

"పాట అదిరింది బావా! చివర్లో ఏదో కీచుమంది. మీరేం కంగారుపడకండి, అప్పుడే తీసేశాను."