అక్క బోనస్

భార్య పోయాక లైబ్రేరియన్ కారు జోలికి వెళ్ళలేదు. అది షెడ్డులో, ఆవిడ కుట్టిన బూడిదరంగు గుడ్డ కింద, అలాగే ఉండిపోయింది. గడువు దాటిన పుస్తకాల కోసం ఇంటింటికీ ఫోన్లు చేసే మనిషి, కారు ఇన్సూరెన్స్ గడువు గురించి బావమరిది చేసిన ఫోన్లు మాత్రం ఎత్తలేదు.

చివరికి బావమరిదే వచ్చాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు. వెంట బ్యాటరీ మార్చే మనిషిని కూడా తెచ్చాడు.

"రేపటితో పాలసీ అయిపోతుంది బావా. ఇన్నేళ్ళలో అక్క ఒక్క క్లెయిమ్ పెట్టలేదు. తగ్గింపు ఏటేటా పెరిగి, మా కంపెనీ ఇవ్వగలిగినంత బోనస్ ఆమెకుంది. నీ పేరు మీదికి మార్చుకోకపోతే అదంతా సున్నా."

"నేను నడపట్లేదు కదరా. నాకెందుకు బోనస్?"

"కొన్నాళ్ళు నడపకపోయినా ఏం కాదు. పాలసీ బతికుంటే అదీ బతికుంటుంది. పేరు మార్చేముందు బండి నడుస్తోందని కంపెనీ షెడ్డులో చూపించాలి, అంతే."

"అయితే నువ్వే తీసుకెళ్ళు."

"నాకు డ్రైవింగ్ రాదని తెలిసే అడుగుతున్నావు. రోజూ నుజ్జయిన కార్ల ఫొటోలు చూసేవాడు స్టీరింగ్ పట్టుకుంటాడా?"

సున్నా అన్న మాట లైబ్రేరియన్‌ని వదల్లేదు. ఆసుపత్రిలో నర్సుగా ఎంతమందిని బతికించినా భార్య ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. ఆ బోనస్ ఒక్కటే ఆమె గర్వం. ఆయనకు నడపడం వచ్చినా కారు ఎప్పుడూ ఆమే నడిపేది, ఆయన పక్క సీటు. దిగేటప్పుడు ఆయన బెల్టు వదిలేస్తే, ఇనప కొస ఎగిరి కిటికీ గాజుకు టక్కున తగిలేది.

"చేత్తో పట్టుకుని వదలండి. గాజు పగిలిందంటే నా బోనస్ గోవిందా."

తన బెల్టును మాత్రం ఆమె నిద్రపోయిన పిల్లను పడుకోబెట్టినట్టు చివరిదాకా చేత్తో పంపేది.

లైబ్రేరియన్ గుడ్డ తీసి, మడిచి, షెడ్డు గోడవార పెట్టాడు. వెంట వచ్చిన మనిషి కొత్త బ్యాటరీ బిగించి వెళ్ళాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే మోకాళ్ళు ఇరుక్కున్నాయి. సీటు ఆమె ఎత్తుకు ముందుకు జరిపి ఉంది.

"వెనక్కి జరుపుకోవచ్చుగా బావా," అన్నాడు బావమరిది, వెనక సీట్లో ఫైళ్ళు పరుచుకుంటూ.

"పర్లేదు."

వీధి మలుపు తిరగ్గానే గంట మోగడం మొదలైంది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది. పక్క సీట్లో ఎవరూ లేరు. కనీసం సంచీ కూడా లేదు. గంట ఆగలేదు.

"ఏంటి బావా అది?" అంటూ బావమరిది ముందుకు వంగి చూశాడు. ఇంకేదో జోకు వేయబోయి, మానేసి, వెనక్కి జారి ఫైళ్ళు సర్దుకున్నాడు.

లైబ్రేరియన్ కారు పక్కకు ఆపి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి పెట్టాడు. గంట ఆగింది.

నాలుగు రోడ్ల దగ్గర ఓ వ్యాను అటూ ఇటూ చూడకుండా అడ్డంగా దూసుకొచ్చింది. ఇలాంటప్పుడు పక్క సీట్లోంచి ఆయన కాలితో నేలను తొక్కేవాడు. "అక్కడ బ్రేకు లేదు మహానుభావా," అనేది ఆమె. ఆయన తొక్కీ తొక్కీ అక్కడి మ్యాటు అరిగిపోయింది కూడా. ఇప్పుడు ఆయన కాలు బ్రేకు మీద పడేలోపే, పక్కన ఆ మ్యాటు మీద దబ్బున చప్పుడైంది. కారు వ్యానుకు జానెడు దూరంలో ఆగింది.

"ఆ చప్పుడేంటి?" అన్నాడు బావమరిది.

"ఏ చప్పుడు?" అన్నాడు లైబ్రేరియన్. పక్కకు మాత్రం చూడలేదు.

కంపెనీ షెడ్డులో తనిఖీ చేసే మనిషి కారు చుట్టూ తిరిగాడు. ఎక్కడా గీత లేదన్నాడు. పక్క సీటు బెల్టు ఓసారి తీసి, మళ్ళీ పెట్టి, కింద తడిమి చూసి, "చాన్నాళ్ళు వాడకుండా ఉంచారుగా సార్, సీటు కింద వైరుకి చెమ్మ పట్టింది. అందుకే మనిషి ఉన్నట్టు మోగుతోంది. కొత్తది వేయాలంటే ఖర్చవుతుంది, దానికి క్లెయిమ్ పెడితే బోనస్ పోతుంది. లేదంటే ఊరికే వైరు ఊడదీసేస్తా. ఇక మోగదు," అన్నాడు.

"ఊడదీయించెయ్ బావా, పీడా పోతుంది."

"వద్దు. ఉండనీ."

బావమరిది ఆయన మొహం చూసి, సంతకాలకు కాగితాలు ముందుకు జరిపాడు.

తిరుగుదారిలో బావమరిది తన ఆఫీసు దగ్గర దిగుతూ, "పని అయిపోయింది. ఇక షెడ్డులో పెట్టెయ్. మళ్ళీ నడపాలని బుద్ధి పుట్టినప్పుడు చూద్దాం," అన్నాడు. వెళ్ళేముందు, దేనికో తెలియదు, ఖాళీ సీటు తలను ఒకసారి తాకి వెళ్ళాడు.

సాయంత్రపు వెలుగు ఇంకా ఉండగానే కారు షెడ్డు చేరింది. లైబ్రేరియన్ ఇంజను ఆపి, తన బెల్టును చేత్తో పట్టుకుని పంపాడు. తర్వాత పక్కకు వంగి రెండో బెల్టు మీట నొక్కాడు. ఇరుక్కున్న మోకాళ్ళతో చెయ్యి అవతలి కిటికీ దాకా అందలేదు. కొస వేళ్ళలోంచి జారిపోయింది. ఆ టక్కుమనే చప్పుడు కోసం కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు రాలేదు.

కళ్ళు తెరిచేసరికి బెల్టు ఇంకా వెళ్తోంది. కాస్త వెళ్ళి, ఆగి, మళ్ళీ కాస్త వెళ్ళి, గాజుకు తగలకుండా తన చోట ఒదిగింది.

ఆయన దిగి, గోడవార ఉన్న గుడ్డ తీసుకున్నాడు. కారు మీద కప్పలేదు. వెనక సీట్లో పెట్టి, తలుపు మెల్లగా వేశాడు.

"పొద్దున్నే లైబ్రరీకి వెళ్దాం," అన్నాడు.