ఏసమ్మ చెప్పని మాట

తెల్లవాడు పేటలో అడుగుపెట్టాడంటే మిషన్ దొర కాక ఇంకెవరు? బేస్తవారిపేట అవతల ఆ క్రైస్తవుల పేటలో అందరూ అలాగే అనుకున్నారు, దేవదానం కూడా. లూకాస్ అనే ఆ బెల్జియం కుర్రవాడు మందిరం బయట చెప్పులు విడిచాడు, ప్రార్థనలో తల వంచాడు, మైకు పట్టుకుని ఆడవాళ్లను మాట్లాడమన్నాడు. దొర అడిగితే ఏం చెబుతారు? తమ బతుకులో దేవుడు చేసిందాన్ని సాక్ష్యంగా చెబుతారు.

దేవదానం భార్య ఏసమ్మా చెప్పింది. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలసపోయిన ఏడు, జ్వరంతో ఉన్న పెద్దబిడ్డను గట్టు మీద పడుకోబెట్టి తాను చేలో దిగింది. పొద్దుగూకేసరికి బిడ్డ లేడు. “ఇచ్చినాయనే తీసుకున్నాడు” అని ముగించింది. సంఘం ముందు తప్ప ఆ మాట ఎక్కడా ఎత్తని మనిషి. కూతురు రోజీతో కూడా విడిగా అనలేదు.

తీరా చూస్తే అతను దొర కాడు. కంప్యూటరుతో బొమ్మలూ గొంతులూ తయారుచేసే కళాకారుడు. అక్కడి కళాకారులు ఇక్కడికొచ్చి కొన్నాళ్లుండి పని చేసుకోవడం, ఇక్కడివాళ్లు అక్కడికి పోవడం, దాన్ని రెసిడెన్సీ అంటారట. ఏర్పాటు చేసింది మార్కాపురం బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి వైష్ణవి. హైదరాబాదులో కళాప్రదర్శనలు పెట్టడం ఆమె ఉద్యోగం. ఈ మార్పిడి కింద ఆమె కూడా బెల్జియంలో ఉండి వచ్చింది. ఇవన్నీ దేవదానానికి తెలిసేసరికి ఏసమ్మ మట్టిలో ఉంది.

మార్కాపురంలో మూతపడిన పలకల గోడౌనులో ప్రదర్శన పెట్టి, పేటవాళ్ల కోసం వైష్ణవి ఆటోలు పంపింది. లోపల చీకటి. మధ్యలో ఒక స్టూలు, ఒక మైకు, ఎదురుగా తెర. లూకాస్ ఏసమ్మ గొంతును యంత్రానికి నేర్పాడట. ఏమడిగినా ఆ గొంతుతోనే జవాబిస్తుందట.

రోజీ ముందు కూర్చుంది. “అమ్మా,” అంది.

“ఏం నాయనా, అన్నం తిన్నావా?” అంది గొంతు.

రోజీ మైకు పట్టుకుని భోరున ఏడ్చింది. పాస్టరు నిత్యానందం స్తోత్రమన్నాడు. పేటవాళ్లు ఆమెన్ అన్నారు. దేవదానానికి అప్పుడే అరికాలు మండింది. ఏసమ్మ ఏనాడూ కూతుర్ని నాయనా అని పిలవలేదు. పుట్టినప్పటి నుంచీ “ఏమే” అనే పిలుపే.

తర్వాత కాలేజీ పిల్ల ఒకతె కూర్చుంది. “అవ్వా, మీ బాబు ఎట్ల చనిపోయినాడు?”

గొంతు వెంటనే అందుకుంది.

“నేనే చంపుకున్నానమ్మా. కూలికి ఆశపడి చంపుకున్నాను.”

ఆ మాటకు తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. విదేశాల నుంచి వచ్చిన అతిథుల్లో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

దేవదానం లేచి గోడలో ఉన్న ప్లగ్గు ఊడబెరికాడు.

“ఆమె ఆ మాట అనలేదు,” అన్నాడు.

వైష్ణవి పరుగున వచ్చింది. “దేవదానం గారూ, అది రికార్డు కాదండీ. ఆవిడ మాటల్ని బట్టి యంత్రం కొత్తగా అల్లుకుంటుంది. ఇది ఏసమ్మ గారికి నివాళి.”

“మీ నాయన దుకాణంలో నన్ను ఒరే అనేవోళ్లు. నువ్వు గారూ అంటున్నావు. ఆ ఒరేనే నయం తల్లీ. వాళ్లు గుడ్డ చించి ఇచ్చినారే గానీ, నా పెండ్లాం నోట్లో మాట పెట్టలేదు.”

“మీరు అపార్థం చేసుకుంటున్నారు.”

“మార్పిడి అన్నావు గదా. నువ్వు ఆ దేశం చూసొచ్చినావు. అతను మా ఏసమ్మను ఎత్తుకుపోయినాడు. మాకేం వచ్చింది? బిడ్డను చంపిందన్న పేరు.”

లూకాస్ ఏమైందని అడిగాడు. వైష్ణవి సగం చెప్పింది, సగం మింగింది. ఆ సగానికే అతని మొహం పాలిపోయింది. ఆ జవాబు ఇక రాకుండా చేస్తానన్నాడు.

“ఇంకోటి అల్లతాది. మొత్తం తీసెయ్యమను.”

“వచ్చే నెల ఇది లిస్బన్ ప్రదర్శనకు పోవాలండీ,” అంది వైష్ణవి, అతిథుల వైపు చూసి గొంతు తగ్గించి.

“పోనీ. ఏసమ్మ మాత్రం పోదు.”

నిత్యానందం భుజం మీద చెయ్యి వేశాడు. “తెలవక చేసినారు. క్షమించు దేవదానం.”

“తెలవకపోతే అడగాల. మీరు దేనికి ఆమెన్ అన్నారో ముందు అది చెప్పండి అయ్యగారూ.”

పాస్టరు చెయ్యి తీసేశాడు.

లూకాస్ తల ఊపాడు. మొత్తం తీసేస్తానన్నాడు. “మొదటి రికార్డు మటుకు మీకే ఇచ్చేస్తామండీ,” అంది వైష్ణవి. “అది ఆవిడ సొంత మాటే కదా.”

“అదీ వద్దు.”

రోజీ లేచి వచ్చింది. “అదొక్కటి ఉండనీ నాయనా. అమ్మ గొంతు మన దగ్గర ఇంకేడుంది? నా ఫోనులో పెట్టుకుంటా. ఎవరికీ ఇయ్యను.”

“నీ ఫోను నీ కొడుకు చేతికి పోతాది. వాడు సరదాకి ఇంకో యంత్రానికి ఇస్తాడు. అది ఇంకేమి కూస్తాదో.”

“మా అమ్మ నాయనా.”

“సాక్ష్యం దేవుడికి చెప్పింది. నీకు గాదు, నాకు గాదు.”

లూకాస్ లాప్‌టాప్ తెరిచాడు. చివరిసారి వింటారా అని అడిగించాడు. రోజీ ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని నేల మీద కూర్చుని చివరిదాకా విన్నది. దేవదానం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వినాలని అతనికి ఎంత ఉందో ఆ గోడకు తెలియాలి. వినలేదు.

లూకాస్ అన్నీ తుడిచాడు. బెల్జియంలో ఉన్నవి కూడా పోయాయని వైష్ణవి ప్రమాణం చేసింది. దేవదానం నమ్మలేదు. నమ్మే దారి వాళ్లు ఉంచలేదు. బతికినన్నాళ్లూ ఈ అనుమానం మొయ్యాలి కదా అని, దానిక్కూడా వాళ్లను తిట్టుకున్నాడు.

బయట రోజీ పేట ఆటో ఎక్కలేదు. బస్టాండులో కంభం బస్సు ఎక్కింది, అత్తగారింటికి. దేవదానం వెనకే వెళ్లి బస్సు కిటికీ పట్టుకున్నాడు.

“అమ్మ నీకొక్కడికే చచ్చిపోలేదు నాయనా,” అంది రోజీ, అతన్ని చూడకుండానే.

దేవదానం కిటికీ మీద నుంచి చెయ్యి తీశాడు. చేసింది తప్పని మాత్రం అనుకోలేదు. బస్సు కదిలితే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.