రంగెక్కకూడని స్లైడు

అయినా రావద్దన్న చోటికి, పిలవని పేరంటానికి వచ్చినట్టు, ఈ రంగు ఎందుకు రావాలి, అనుకుంటూ ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, కళ్ళు నులుముకుని, మళ్ళీ వంగి చూసింది, ఉంది, గోధుమరంగు అక్కడే ఉంది, గొర్రె అండాశయపు ముక్క మీద టీ ఒలికినట్టు, హార్మోను గ్రాహకాల్ని వెతికి పట్టుకునే యాంటీబాడీని ఈ ఒక్క స్లైడు మీద ఆమె కావాలనే వెయ్యలేదు, మిగతా మందులన్నీ వేసింది, ఇది ఖాళీగా మిగిలితేనే తక్కిన స్లైడుల మీది రంగు నిజమని లెక్క, ఇదీ రంగెక్కిందంటే, భగవంతుడా, ఎదకు వచ్చేముందు గ్రాహకాలు పెరుగుతాయనీ, ఎద దాటాక తగ్గుతాయనీ తను ఇన్నాళ్ళూ రాసినవన్నీ నీటి మీద రాతలేనా, హార్మోను నెత్తుర్లో పడి ఒళ్ళంతా తిరుగుతుంది అత్తయ్యా, గ్రాహకం ఉన్న కణమే తలుపు తీస్తుంది అని మొన్న ఇంట్లో చెప్తే, ఓహో, కూరగాయలమ్మి వీధంతా అరిచినా వంటింట్లో కూర లేని ఇల్లాలే కదా గుమ్మంలోకొస్తుంది, అని అత్తగారు చక్కగా అందుకుంది, అందుకుని ఊరుకుందా, నీ డాక్టరేటు కంటే ముందు నా మనవరాలు డిగ్రీ పట్టుకొచ్చేట్టుందే అమ్మాయ్, అనీ అంది, మధ్యాహ్నం ప్రొఫెసరుగారు వచ్చి స్లైడులన్నీ చూసి సంతకం పెడితే ఆ నోటికి తాళం పడేది, పక్క బల్ల దగ్గరి పరిశోధకురాలు, అందరూ తొందర అని పిలిచే పిల్ల, భుజం మీంచి తొంగిచూసి, గాజే కదక్కా, చెయ్యి జారిందనుకో, మొత్తం మీద ఒక్కటే కదా, ఎవరడుగుతారు, అంది, నోరు ముయ్యవే అని ఆమె కసిరింది, కసురుతూనే ఉంది, స్లైడు మాత్రం కోటు జేబులోకి వెళ్ళిపోయింది.

తన కోసమైతే ఇంత పని చేసేదా, గొర్రెల కోసం, ఇది చూపిస్తే ప్రొఫెసరుగారు మొదలెట్టిన చోటికే వెళ్ళమంటారు, అంటే మళ్ళీ షెడ్డు, మళ్ళీ కత్తి, ప్రతి గొర్రె నుదుటి మీదా చెయ్యి పెట్టి, నీ ప్రాణం ఊరికే పోనివ్వను తల్లీ అని మాటిచ్చింది కదా, ప్రాణం కాపాడే అబద్ధం పాపం కాదని పెద్దలే అన్నారు కదా, స్వామీ, నువ్వేమంటావు అని మెట్లు దిగుతూ అడిగింది, ఆయన ఏనాడు వెంటనే బదులిచ్చాడు గనక, బదులుగా ఫోను మోగింది, భర్త, రాత్రి వంట నేను చూసుకుంటాలే, నువ్వు సంతకం పెట్టించుకునిరా చాలు, అన్నాడు, ఈ మంచితనమే ఆమెకు ఒళ్ళుమంట, విసుక్కున్నా బాగుండేది, తనూ నాలుగు మాటలు అనేసి చల్లబడేది.

షెడ్డులో గడ్డి వాసన, మూత్రం ఘాటు, చెవి చిరిగిన గొర్రె వచ్చి ఆమె మోకాలికి తల రుద్దింది, చూశావా, నీ కోసమే, అనుకుంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, గొర్రెల్ని చూసుకునే ముసలాయన చేతిలో బకెట్టు కింద పెట్టి, మీరు ఇలా ఉత్తి చేతుల్తో వచ్చేది గొర్రెని ఎంచుకోడానికే కదా, చూస్తే నా గుండె జారిపోతుందమ్మా, మళ్ళీ కోతేనా, కావాలంటే ఆ పొగరుదాన్ని తీసుకోండి, రోజూ నన్ను కుమ్ముతుంది, ఈ పెద్దకోడల్ని మాత్రం అడక్కండి, కడుపుతో ఉన్నట్టుంది, అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గాని, చెయ్యి ఆ చిరిగిన చెవిని వదల్లేదు, అది చూడలేక ఆమె, అయ్యో, లేదు బాబాయ్, గొర్రెలతో పనేముంది, పాత గొర్రెల ముక్కలే మైనం దిమ్మల్లో బోలెడు దాచాం, అందులోంచే మళ్ళీ పలచగా కోసి రంగులెయ్యడం, చాకిరీ అంతా నాదే, వీటికేం భయం లేదు, అంది, గబగబా, ఆయన ధైర్యం కోసం, అనేశాక ఆ మాట తన చెవిన పడింది, తెలియని మాట కాదు, పొద్దుట్నించీ మనసు దాని చుట్టూ తిరిగి తిరిగి, ముట్టుకోకుండా తప్పుకున్న మాట, దిమ్మలు బీరువాలో ఉన్నాయి, కత్తికి ఏ గొర్రే ఎర కాదు, పోయేదల్లా ఇంకో ఏడాది, నడుం పడిపోయేలా బల్ల దగ్గర కూర్చునే ఏడాది, పొద్దునా సాయంత్రమూ అత్తగారి చేత మాట పడే ఏడాది, దాన్ని తప్పించుకోవడానికి తను పెట్టుకున్న పేరు, జాలి.