ఇల్లిల్లూ తిరిగిన గంప

పత్తి తీయడానికి ఆరుగురు ఆడవాళ్లు వస్తామన్నారు. తొమ్మిదింటికల్లా చేనుకు రొట్టెలు చేరాలి. ఇంట్లోవాళ్లతో కలిపి పాతిక రొట్టెలైనా కొట్టాలి. మహాదేవి తెల్లవారుతుండగానే వంకాయ కూర దించి, పొయ్యి మీద పెనం పెట్టి జొన్నపిండి ముందు కూర్చుంది.

మొదటి రొట్టె పీట మీదే నాలుగు చీలికలైంది. నీళ్లు సరిగ్గా కాగలేదేమో అనుకుంది. ఈసారి సలసల మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా ఓర్చుకుని పిసికింది. రెండోది ఎత్తబోతే సగం చేతిలోకి వచ్చింది, సగం పీటకే అంటుకుపోయింది. మూడోది పెనం దాకా వెళ్లి అక్కడ విరిగింది.

అత్త చెన్నవ్వ గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. రెండేళ్లుగా ఆమెకు చూపు ఆనడం లేదు. చెవులకు మాత్రం ఏ లోటూ లేదు.

"చప్పుడే సక్కగ లేదు కదనే మాదేవి. ఏ జొన్నల పిండే అది?"

"కొత్త జొన్నలే అత్తా. మొన్న నీ కొడుకే గిల్లేసూగూరు పోయి గిర్ని పట్టిచ్చుకొచ్చిండు."

అంటూనే చిటికెడు పొడిపిండి నోట్లో వేసుకుంది. ముక్కిన వాసన, చివర చేదు. లేచి మూలనున్న కొత్త జొన్నల బస్తా చూసింది. మూతికి కట్టిన తాడు కట్టినట్టే ఉంది. మొగుడు హనుమంత పిండి గిర్నికి తీసుకెళ్లింది అటక మీది పాత జొన్నలు! పురుగు పట్టాయని కోళ్లకు వేయడానికి పక్కన పెట్టినవి.

చేనులో ఉన్న అతనికి ఫోన్ చేసింది.

"పిండి పిండే గద. ఏ జొన్నలదైతేంది?" అన్నాడు హనుమంత. "అటక కింద నిచ్చెన వేసే ఉండె, అవే దించిన." ఫోన్ పెట్టేశాడు.

ఆమె కోపంతో ఇంకో ముద్ద పిసకబోయేంతలో పక్కింటి దేవిక గోడ మీదుగా కేకేసింది. "అక్కా, నల్ల వచ్చింది! జల్ది రా, సన్నగనే వస్తుంది."

నాలుగు రోజులకు ఒకసారి వచ్చే నీళ్లు. వదిలేస్తే మళ్లీ నాలుగు రోజులు. పైపు కోసం వాకిలంతా వెతికింది, లేదు. నిన్న చేనులో మోటారుకు కావాలని హనుమంతే పట్టుకుపోయాడని అప్పుడు గుర్తొచ్చింది. ఇక బిందెలతో మోయడమే. పిండి బేసిన్ మీద గుడ్డ కప్పింది.

"అత్తా, జర పిండి కాడ ఉండు."

"ఉంటనే, పో."

వీధి చివర నల్ల దగ్గరికీ ఇంటి తొట్టి దగ్గరికీ రెండుసార్లు తిరిగింది. మూడోసారి బిందెతో వాకిట్లోకి వస్తుంటే అత్త మాటలు వినబడ్డాయి.

"ఆ, గట్ల! ఇప్పుడు పిసుకుడు మంచిగుంది. ఇంకింత నీళ్లు పొయ్యి మాదేవి."

మహాదేవి లోపలికి తొంగిచూసింది. తాడు తెంపుకుని వచ్చిన గేదె దుడ్డె బేసిన్‌లో మూతి పెట్టి చపచప నాకుతోంది. చెవుల దాకా పిండి.

చంకలోని బిందె జారి పడింది. ఆ చప్పుడుకు దుడ్డె బెదిరి, బేసిన్‌లో కాలు వేసి దాన్ని బోర్లా పడదోసి బయటికి పరుగెత్తింది. సొట్టపోయిన బిందె వాకిట్లో దొర్లింది. మహాదేవి ఆ తడినేల మీదే కూలబడింది. ఏడవాలనిపించింది గానీ, ఏడవడానికైనా తీరిక ఉండాలి కదా.

అప్పుడే బండి దిగాడు హనుమంత. "రొట్టెలైనయా? ఆళ్లకు ఆకలైతుందంట."

మహాదేవి లోపలికి వెళ్లి ఖాళీ గంప తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇల్లిల్లు తిరిగి అడిగి తే."

"నేనా? ఆడోళ్లను రొట్టెలు అడుగుడేంది? ఊళ్లె నా ఇజ్జత్ ఏమైతది?"

"నా ఇజ్జత్ పొద్దటి సంది పెనం మీద ముక్కలైతనే ఉంది. ఇయ్యాల నీది గూడ పోనీ. పిండి పిండే అన్నవు గద, ఎవరి రొట్టెలైతేంది?"

"పోరా, పో," అంది చెన్నవ్వ లోపలినుంచి. "దుడ్డెకు గూడ నీ పిండే దొరికింది."

హనుమంత గంపను ఎలా పట్టుకోవాలో తెలియనట్టు ఇటూ అటూ మార్చి, చివరికి చంకన పెట్టుకుని వెళ్లాడు. అరగంటకు తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది, గంప నిండా రొట్టెలు.

చేనుగట్టున వేపచెట్టు నీడలో అందరూ తినడానికి కూర్చున్నారు. కూలివాళ్లలో పెద్దది యంకమ్మ ఒక్కో రొట్టె తీసి చూసింది.

"ఈ పల్చటిది దేవికది, అంచు చూడుండ్రి. ఈ మందంది నింగప్ప పెండ్లాముది. ఏందిది, ఊరంత ఈడనే ఉంది?"

హనుమంత నవ్వుతూ చెప్పాడు. ముక్కిన జొన్నల సంగతి చెప్పలేదు. దుడ్డె పిండి తినేసిందనీ, తను ఇల్లిల్లూ తిరిగాననీ చెప్పాడు.

"అయ్యో, ఎంత మంచోడే నీ మొగడు!" అంది ఒకావిడ. "మా ఆయనైతే ఉపాసం పండుకుంటడు గని గంప పట్టడు." తక్కినవాళ్లూ మెచ్చుకున్నారు. హనుమంత ఇంకో రొట్టె అందుకున్నాడు.

మహాదేవికి ఒళ్లు మండిపోయింది.

"మంచోడే," అంది. "ఈ రొట్టెలన్ని మళ్ల ఇండ్లకు తిరిగియ్యాలె గద. కొట్టుడు గూడ ఆయనే కొడ్తడు. రేపు పొద్దుగాల."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. హనుమంతకు ముద్ద గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. మహాదేవి మాత్రం నవ్వలేదు. యంకమ్మ ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"నువ్వు తిన్నవానే?"

పొద్దుటినుంచి ఆ మాట అడిగినవాళ్లు లేరు. మహాదేవి తల అడ్డంగా ఊపింది. యంకమ్మ పక్కకు జరిగి చోటిచ్చి, రొట్టె మీద కూర వేసి చేతిలో పెట్టింది. కూర బాగానే కుదిరింది. కడుపు నిండింది గానీ కోపం తగ్గలేదు. చెయ్యి కడుక్కుని, పత్తికి ఒడి కట్టుకుని, మొగుడు పట్టిన సాలు వదిలేసి చేనుకు ఆ చివరనున్న సాలు పట్టింది.