జిల్లేళ్ళవాగు వంతెన తాలూకు రాయి

నేను ఒక శంకుస్థాపన రాయిని. కాయితాల్లో శిలాఫలకం అని రాస్తారు. ఏ పేరుతో పిలిచినా నా పని ఒకటే: ఇక్కడ వంతెన రాబోతోందని వచ్చేపోయేవాళ్ళకు చెప్పడం. ఆ మాట నా చేత చెప్పించి, తర్వాత ఇటు తిరిగి చూడని మనుషుల మీద నాకు ఒళ్ళు మంటగా ఉంది. ఆ మంటతోనే చెబుతున్నాను, చల్లగా చెప్పడం నాకు చేతకాదు.

నేను పుట్టింది చీమకుర్తి గనిలో. బెత్తెడు మందాన కోసి, ముఖం మెరిసేదాకా సానబట్టారు. వీపు ఎవరు చూడొస్తారులే అని గరుగ్గానే వదిలేశారు. నన్ను చెక్కింది సుభానీ అనే ముసలాయన. అన్నిటికంటే పైన, అరచేయంత అక్షరాలతో, దేశాన్ని ఏలుతున్న పెద్దాయన పేరు చెక్కాడు. ఆ పేరు నేను మళ్ళీ చెప్పను. అప్పట్లో అది రేషన్ సంచి మీదా ఉండేది, బస్టాండు గోడ మీదా ఉండేది, పిల్లల పుస్తకం అట్ట మీదా ఉండేది. బడికి పోయే పిల్లలు పుట్టక ముందు నుంచీ దేశానికి ఆయనే పెద్ద. ఆయన కింద మంత్రులు, వాళ్ళ కింద సభ్యులు, వాళ్ళ కింద అధికారులు. అందరూ ఎక్కి కూర్చున్నాక చోటు అయిపోయింది. చివరికి నా పాదాల దగ్గర, చీమల బారు అంత సన్నగా, ‘జిల్లేళ్ళవాగు పై వంతెన నిర్మాణమునకు’ అని ఇరికించాడు సుభానీ. ఇంత సన్నగా అయితే ఎవరికి కనబడుతుందని ఆయన అడిగితే, కనబడాల్సినవన్నీ పైనే ఉన్నాయిలే అన్నారట చెక్కించినవాళ్ళు.

శంకుస్థాపన అంటే వాగొడ్డున గొయ్యి తీసి, నాలుగు తట్టల మట్టి పోసి చేస్తారనుకున్నాను. నన్ను తీసుకెళ్ళింది జిల్లా కేంద్రానికి. అక్కడ వేదిక మీద నాలాంటి రాళ్ళను పెళ్ళి పందిట్లో బంధువుల్లా వరసగా నిలబెట్టారు. ఒకటి బడికి, ఒకటి ఆసుపత్రికి, ఒకటి చెరువు కట్టకు. పెద్దాయన వచ్చి ఒక మీట నొక్కాడు. మా అందరి మీదా తెరలు ఒక్కసారే జరిగాయి. చప్పట్లు కొట్టారు. ఆయన నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వాగుకు అంత దూరాన, వాగు నీటి చుక్కయినా చూడకుండా, నాకు శంకుస్థాపన అయిపోయింది.

తర్వాత ట్రాక్టరులో వాగొడ్డుకు చేర్చి, సిమెంటు దిమ్మె కట్టి నన్ను నిలబెట్టించినవాడు చెంచురామయ్య, మండలంలో పెద్దాయన పార్టీకి నాయకుడు. కొబ్బరికాయ కొట్టాడు, బొట్టు పెట్టాడు, ఫొటో దిగాడు. ఇక వంతెన వచ్చేసినట్టేనని ఊరికి చెప్పి వెళ్ళాడు.

ఊరూ, రోడ్డూ, ఆసుపత్రీ వాగుకు ఈవల. పేట ఆవల. మధ్యలో నీళ్ళలో దాటురాళ్ళు ఉన్నాయి. వాటి మీద అడుగులు వేసుకుంటూ మనుషులు అటూ ఇటూ దాటుతారు. వానలు పడితే ఆ రాళ్ళు మునుగుతాయి, ఒక్కోసారి కొట్టుకుపోతాయి. నేను అక్కడ నిలబడి ఎన్ని వానలు చూశానో! ఒక్క ఇటుక రాలేదు. వంతెన ఎక్కడని అడిగేవాళ్ళు నన్నే అడుగుతున్నట్టు ఉండేది. తప్పు చేసినవాడు ఒకడు, తలవంపులు ఇంకొకరికి. ఇదెక్కడి న్యాయం?

నా దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళు ముగ్గురు. మాలకొండయ్య భుజం మీది తువ్వాలుతో పైవరస పేరు తుడిచేవాడు. ఆయన తాటాకు కప్పు తీసి శ్లాబు వేసుకున్నది పెద్దాయన పథకంలోనే. కళ్ళలో అంత కృతజ్ఞత ఉన్న మనిషి మీద నాకు కోపం రాదు. ఆయన బావమరిది యలమందయ్య మాత్రం నన్ను చూస్తే చాలు ఉమ్మేసి పోయేవాడు. పెద్దాయన హయాంలో పొగాకు అడిగేవాడు లేక, ఆకు కాల్చే బ్యారనీ, పొలమూ పోగొట్టుకున్నాడు. అతని కోపంలోనూ నాకు తప్పు కనిపించలేదు. మూడో మనిషి మరియమ్మ, పేటలో ఆశా కార్యకర్త. దాటురాళ్ళు మునిగితే మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో దాటి వచ్చేది. ఊళ్ళో అందరూ నా పైవరస చదివితే, ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి అడుగు వరస చదివేది. లేచి వాగు వైపు చూసేది. ఆ చూపే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఆ ఏడు ఎన్నికలు ముసుర్ల కాలంలో వచ్చాయి. ముందు వానకే నడిమి దాటురాయి కొట్టుకుపోయి, ఆ చోట సుడి తిరిగే గుంత పడింది. దాన్ని పూడ్చడానికి మనిషి దొరకలేదు గానీ, నాకు ముసుగేయడానికి మాత్రం సర్కారు మనుషులు జీపేసుకుని వచ్చారు. నియమావళి అట, పేరు కనబడకూడదట. గోనెపట్టా కప్పి తాడు కట్టి పోయారు. కింద ఎవరి పేరుందో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఫలితాల రోజు రోడ్డు పక్క టీకొట్టు ముందు ఊరంతా చేరింది. మధ్యాహ్నానికి తేలిపోయింది. పెద్దాయన ఓడిపోయాడు. ఆయన పార్టీనే కాదు, సొంత సీటులో ఆయన్నే ఓడించారు జనం. కాసేపు ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. తర్వాత యలమందయ్య మిఠాయి పొట్లం విప్పి అందరికీ పంచాడు. పంచుతూ పంచుతూ ఏడ్చాడు, పోయిన పొలం గుర్తొచ్చిందేమో. మాలకొండయ్య వచ్చి నా దిమ్మె మీద కూలబడ్డాడు. ‘ఇల్లిచ్చిన మనిషిని ఇట్టా పంపిచ్చారే’ అని గొణుక్కున్నాడు. ఎవరొస్తే మనకేమిటని టీ కొట్టతను గ్లాసులు కడుక్కుంటున్నాడు. ఎవరి బాధ వాళ్ళది, ఎవరి సంబరం వాళ్ళది, అంతవరకూ నాకు అభ్యంతరం లేదు.

నాకు రక్తం ఉడికింది తర్వాత వచ్చినవాణ్ణి చూసి. పొద్దున ఒక రంగు కండువా, సాయంత్రానికి ఇంకో రంగు కండువా. చెంచురామయ్య! వెనక గడ్డపారలు పట్టిన జనం, ముందు పేట నుంచి పిలిపించిన డప్పులు. ఈ పేరు ఇక ఊళ్ళో కనపడటానికి వీల్లేదని నా ముందు నిలబడి అరిచాడు. నాకు బొట్టు పెట్టిన చెయ్యే నా మీదికి గడ్డపార ఎత్తింది. గోనెపట్టా లాగేశారు, సిమెంటు దిమ్మె పగలగొట్టారు, నేను ఒక పక్కకు ఒరిగాను. మాలకొండయ్య నన్ను కావలించుకుని కదలనన్నాడు. యలమందయ్య ఆయన్ను లాగాడు. చిన్నప్పుడు ఒక్క కంచంలో తిన్న బావాబామ్మరుదులు చొక్కాలు పట్టుకున్నారు. వంతెన మాట ఒక్కరి నోట రాలేదు. నన్ను ఉంచాలని కొందరు, పగలగొట్టాలని కొందరు. నేనెందుకు వచ్చానో అడిగినవాడు లేడు. ఆ క్షణాన నాకు నోరుంటే అందరినీ కలిపి కడిగేసేదాన్ని.

ఉన్నట్టుండి డప్పులు ఆగిపోయాయి. కొట్టేవాళ్ళు పేట వాళ్ళు కదా, ఆవలి ఒడ్డు నుంచి వచ్చిన కేక ముందు వాళ్ళ చెవినే పడింది. అందరూ అటు తిరిగారు. ఆవలి ఒడ్డున నులకమంచం, దాని చుట్టూ మనుషులు. మంచం మీద మరియమ్మ చెల్లెలు రూతు, నొప్పులతో మెలికలు తిరుగుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆసుపత్రికి చేరకపోతే ఇద్దరూ దక్కరని మరియమ్మ అరిచి చెబుతోంది. రోడ్డు మీదికి అంబులెన్సు వచ్చి నిలబడే ఉంది. మంచంతో దాటుదామంటే నడిమిన గుంత.

మరియమ్మ తాను ఒక్కతే నీళ్ళలోకి దిగి, గుంత పక్కన ఆవలి వాళ్ళు వదిలిన తాడు పట్టుకుని, ఎలాగో ఈవలికి వచ్చింది. తడి చీరతో నేరుగా నా దగ్గరికి వచ్చింది. అలవాటుగా ఆమె చూపు నా అడుగు వరస మీద పడింది.

“ఓడిపోయింది ఆయనే అన్నా, మేం కాదుగా,” అంది యలమందయ్యతో. “పగలగొట్టుకునేదేదో నా చెల్లెలు దాటినాక పగలగొట్టుకోండి. ముందీ రాయి తీసి ఆ గుంత మీద వెయ్యండి.”

చెంచురామయ్య ఏదో అనబోయాడు. యలమందయ్య అతని చేతిలో గడ్డపార లాక్కుని నా కిందికి దోపాడు. రెండో పక్క పట్టింది మాలకొండయ్య. డప్పుల వాళ్ళు డప్పులు దించి వచ్చారు. మోకాలి లోతు నీళ్ళలో నన్ను మోసుకుపోయారు. గుంత దగ్గర ఆగి, ఏ ముఖం పైకి వెయ్యాలని అడిగాడు ఒకడు. మాలకొండయ్య పేరు కిందికే ఉండాలన్నాడు, దాన్ని ఎవరూ తొక్కకూడదట. యలమందయ్య కూడా కిందికే అన్నాడు, ఆ పేరు నీళ్ళలో మునగాలట. మరియమ్మ కూడా అదే అంది. నున్నటి వైపు పైకుంటే కాళ్ళు జారతాయి కదా! ఆ సాయంత్రం మొత్తానికి ముగ్గురూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

అటూ ఇటూ దాటురాళ్ళకు ఆనేలా నన్ను గుంత మీద బోర్లా వేశారు. ఎవరికీ అక్కర్లేదని వదిలేసిన నా గరుకు వీపు మీదుగా మంచం దాటింది. రూతు మూలుగు నా మీదుగా పోవడం విన్నాను. తెల్లారి కబురొచ్చింది: ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. ఆ కబురు విని బావా బావమరిది ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారట. పెద్దాయన గురించి మళ్ళీ పోట్లాడుకున్నారని కూడా చెప్పారు. పోట్లాడుకోనీ, మనుషులన్నాక ఆ మాత్రం ఉంటుంది.

అప్పటి నుంచీ నేను ఇక్కడే ఉన్నాను. దేశాన్ని ఏలిన పేరు నీళ్ళ అడుగున ఉంది, చేపలు దాన్ని గీకుతుంటాయి. పేట జనం నా వీపు మీద నడిచి పోతుంటారు. తర్వాతి వానలకు నా పక్క దాటురాయి కూడా కొట్టుకుపోయి ఇంకో గుంత పడింది. వంతెన కోసం పుట్టి, వంతెనలో బెత్తెడు ముక్కగానైనా పనికొచ్చాను. అది తలుచుకుంటే కోపం కొంచెం తగ్గుతుంది.

మొన్ననే మళ్ళీ పెరిగింది. పాత దిమ్మె చోట కొత్త దిమ్మె కట్టారు. కొత్త రాయి, కొత్త పేరు, అవే చీమల బారు అక్షరాలు అడుగున. ఆ కొత్త పెద్దాయన కూడా ఎక్కడో మీట నొక్కాడట. కొబ్బరికాయ కొట్టింది చెంచురామయ్యే. అందరూ పోయాక చంకలో రూతు కూతురితో మరియమ్మ వచ్చింది. వంగి అడుగు వరస చదివింది. ఈసారి లేచి వాగు వైపు చూడలేదు. రాతి అంచు వెంబడి జానలు వేసి కొలిచింది.

“ఇది దానికంటే పొడుగుందమ్మా,” అంది పిల్లతో. “పక్క గుంతకి సరిపోద్ది.”