మూడు చుక్కల అంకితం

"కామా... కొత్త పాదం... ఫుల్‌స్టాప్!" కవయిత్రి మెట్లెక్కుతుండగానే పిన్ని గొంతు వినబడింది. తలుపు తోసి చూస్తే, అచ్చాఫీసు బల్ల దగ్గర ఎవరో చదివింది తిరిగి పలుకుతూ, వాళ్ల ప్రూఫు ముగించి పంపేస్తోంది ఆవిడ. అక్కడి పద్ధతి ఒకటే: రాసినవాళ్లు చుక్కతో సహా పైకి చదవాలి, పిన్ని ప్రూఫులో సరిచూడాలి.

కవయిత్రి కూర్చుని, తన తొలి పుస్తకంలోని నలభై ప్రేమ కవితలూ గడగడా చదివేసింది. మిగిలింది అంకితం పేజీ. అక్కడ పేరు వేస్తే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. వేయకపోతే ఆ మనిషి లేనట్టే.

"మూడు చుక్కలు," అంది నెమ్మదిగా.

"చుక్కలకు అంకితమిస్తావుటే? పుస్తకం నిండా తడారని జడలూ, రంగు మరకల వేళ్లూ! అట్టమీద బొమ్మ వేసిన పిల్లేనా?"

"ఎలా తెలిసింది పిన్నీ?"

"పద్దెనిమిదేళ్లుగా అచ్చుతప్పులు పట్టుకుంటున్నదాన్ని, మనిషిని పట్టలేనా? ఆ పిల్ల పేరేమిటో తెలియక నలభై కవితలనుంచీ నా ప్రాణం పోతోంది."

"మరి అమ్మ?"

"ముందు ఏడుస్తుంది. తరువాత పుస్తకం పట్టుకుని నలుగురికీ చూపిస్తుంది. మా అక్కను నేనెరగనా? సాయంత్రానికి ఇది మిషనెక్కుతుంది, తరువాత నేను దిద్దలేను."

పిన్ని ఎర్రకలం మూత తీసి, చుక్కలను ఒక్క గీతతో కొట్టివేసి, చెవి ఒగ్గి ఎదురుచూసింది. పద్ధతి పద్ధతే, వినకుండా ఆవిడ ఒక్క అక్షరమూ రాయదు.

నలభై కవితల్లో దాచిన పేరును కవయిత్రి తొలిసారి పైకి చదివింది.

"వకుళ."