గొంతు పోయిన క్రిస్మస్

"గొంతేగా పోయింది, చేతులు బాగానే ఉన్నాయిగా!" అని నవ్వాడు భర్త. డాక్టరు రాసిచ్చిన చీటీ అతని చేతిలోనే ఉంది. అయిదు రోజులు మాట్లాడకూడదు, గుసగుసలు కూడా వద్దు, లేకపోతే గొంతు పూర్తిగా పాడవుతుంది అని అందులో స్పష్టంగా రాసి ఉంది.

ఆమె బస్ స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగి. పండక్కని జనం పోటెత్తారు, అదనపు బస్సులు వేశారు. రెండు వారాలు అద్దాల గదిలో కూర్చుని పొద్దున్నించి సాయంత్రం దాకా చదువుతూనే ఉంది. క్రిస్మస్ రెండు రోజులుందనగా, ఏడో ప్లాట్‌ఫారం అనబోయి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. "ఇంటికెళ్ళండమ్మా, పోయినేడాది రికార్డు చేసిన మీ గొంతే పెట్టుకుంటాం," అన్నాడు మేనేజరు. బయటికి నడుస్తుంటే పైనున్న మైకులోంచి ఆమె గొంతే ప్రయాణికులను తొందరపెట్టింది.

ఇంట్లో అలాంటి రికార్డు లేదు. పండగ రోజు మధ్యాహ్నం ఆడపడుచు కుటుంబం భోజనానికి వస్తోంది. ఇల్లు సర్దాలి, కేకు చెయ్యాలి, చెట్టుకి దీపాలు కట్టాలి, పిల్లల కానుకలు వాళ్ళ కంట పడకుండా చుట్టాలి. మాట్లాడటం మానేశాక ఆమెకి వినడం తెలిసింది. తనతో రోజంతా ఇంటిల్లిపాదీ కబుర్లు చెబుతారనుకునేది ఇన్నాళ్ళూ. తీరా చెవిపెట్టి వింటే అవి కబుర్లు కావు, వెతుకులాటలు. కత్తెరేదీ, టేపేదీ, నా నీలం చొక్కా ఏదీ, చిన్నోడి రెండో సాక్సు ఏదీ. నొప్పిగా ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఎక్కడుందో చెప్పలేక, వెళ్ళి తెచ్చి చేతికిచ్చేది. "ఇదే నయం, చెప్పే బదులు తెచ్చిస్తున్నావ్," అన్నాడు భర్త. "ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉందిరా," అంది అత్తగారు, ఆమె ఎదురుగానే. కోడలికి గొంతే కాదు, చెవులూ పోయాయనుకుందో ఏమో.

ఆరేళ్ళ కూతురిని అందరూ పిచ్చుక అంటారు. నిద్రలో తప్ప నోరు మూయదు. తల్లి కళ్ళు ఎటు తిరిగితే అటు చూసి, "కత్తెర కుట్టుమిషను సొరుగులో ఉందంటోంది అమ్మ," అని గబగబా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకి కూడా ముచ్చటేసింది. అదొక ఆటనుకుంది. మర్నాటికి ఇంట్లో ఆమెని పిలవడం మానేశారు. పిలుపులన్నీ పిచ్చుకకే.

పండగ పొద్దున నాలుగేళ్ళ చిన్నోడు తన కానుకల కాగితాలన్నీ చించి పోగులు పెట్టాడు. ఎర్ర రిబ్బను కట్టిన పిచ్చుక కానుక పెట్టె మాత్రం చెట్టు కింద అలాగే ఉంది. రిబ్బను మీద చెయ్యి వేసినప్పుడల్లా పిలుపొచ్చేది. "పిచ్చుకా, తమ్ముడి ముక్కు తుడువమ్మా." "పిచ్చుకా, నా కళ్ళజోడు." "పిచ్చుకా, నానమ్మకి మంచినీళ్ళు." కాసేపటికి ఆ పిల్ల రిబ్బను వైపు చూడటం మానేసింది.

వంటింట్లో కోడిమాంసం ట్రే ఓవెన్‌లోంచి తీస్తుంటే పిచ్చుక వచ్చి స్టూలెక్కి పళ్ళేలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ పెట్టింది. ఆమె ఎందుకన్నట్టు చూసింది.

"నేను తర్వాత తింటాలే అమ్మా. ముందు వాళ్ళందరిదీ కానీ."

ఆమె ట్రే గట్టు మీద పెట్టేసింది. ఆ మాట, ఆ 'లే', చివర్లో ఆ చిన్న నిట్టూర్పు. పోయిందనుకున్న గొంతు కూతురి నోట్లో వినబడింది. తను ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో, ఎవరూ నేర్పకుండానే తనెలా నేర్చుకుందో, తన అమ్మ ఏ వంటింట్లో నిలబడి అనేదో, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎవరూ ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. పిచ్చుకని మాత్రం ఎవరు కొడుతున్నారు? అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలుకే ఆమెకి భయమేసింది. పిల్లకోసం ఇంకో పళ్ళెం తీసింది.

ఆడపడుచు కుటుంబం వచ్చాక బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. పిచ్చుకని ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె మాత్రం అలవాటుగా వెనక నిలబడింది.

"ఆరేళ్ళకే ఎంత పనిమంతురాలో చూడు," అంది అత్తగారు తన కూతురితో. "అచ్చం తల్లే. ఏ ఇంటికెళ్ళినా పేరు తెస్తుంది."

"పిచ్చుకా, ఉప్పు," అన్నాడు భర్త, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

పిల్ల నోట్లో పెట్టుకోబోయిన ముద్ద పళ్ళెంలో పెట్టేసి కుర్చీ దిగబోయింది. ఆమె కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"కూర్చో."

తుప్పు పట్టిన గడియ తీసినట్టుంది ఆ గొంతు.

"అయ్యో, నిన్ను మాట్లాడొద్దన్నారుగా!" అన్నాడు భర్త.

ఆమెకి తెలుసు. గొంతు మండుతోంది. ఇంకో మాట అంటే ఇంకెన్ని రోజులు పడుతుందో. అయినా, దాచుకుని ఎవరికోసం?

"నువ్వు తిను తల్లీ. ఉప్పు నాన్న తెచ్చుకుంటాడు."

అతను తల్లి వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. ఎవరూ కదలకపోయేసరికి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఆమె ఇంకో కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుని, తన పళ్ళెంలో వేడివేడిగా వడ్డించుకుంది. వంటింట్లో సొరుగులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆమె లేవలేదు.